పెళ్ళిళ్ళకు తిరిగే వాచీ వెంట

కోనసీమ చూడని జన్మ దండగ అని అక్కడివాళ్ళు అంటారు. అక్కడే పుట్టి, సందు దొరకగానే మస్కట్‌కో కువైట్‌కో విమానం ఎక్కేసినవాళ్ళు ఆ మాట మరీ గట్టిగా అంటారు. ఎనభైల మొదట్లో ఒక మే నెలలో నేనూ వెళ్ళి చూసి వచ్చాను. చూడటానికని వెళ్ళలేదు లెండి, ఒక వాచీ కొనడానికి వెళ్ళాను. ఇంతవరకు వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి మొదటే చెప్పేస్తున్నాను. కొబ్బరిచెట్లు ఉన్నాయి. చాలా ఉన్నాయి. ఇక ఆ సంగతి మళ్ళీ ఎత్తను.

మాది ఒంగోలు. పొగాకు కంపెనీలో బయ్యర్ని. రైతు ఎంత మురిపెంగా తెచ్చిన ఆకునైనా రెండు వేళ్ళతో ఎత్తి, వాసన చూసి, పెదవి విరవడమే నాకు జీతం తెచ్చిపెట్టే పని. విరిచీ విరిచీ నా మూతి అలాగే ఉండిపోయిందని మా ఆవిడ అంటుంది. మా పోటీ కంపెనీలో నాలాంటి బయ్యరే ఒకడున్నాడు. ఆకు గురించి వాడికి తెలిసింది సున్న. కానీ ఒక ఏడాది చేతికి ఫారిన్ వాచీ పెట్టుకొచ్చాడు. వాడు పొగాకు బేలు మీద చెయ్యి వేస్తే రైతులు ఆకుని మానేసి ఆ చేతినే చూసేవారు. వాడు చెప్పిన ధరకు తలూపేవారు కూడా. మనిషికి కాక మణికట్టుకు ఇచ్చే మర్యాద చూసి నాకు ఒళ్ళు మండింది. అంతకంటే మంచి వాచీ నేను కొనాలని అప్పుడే అనుకున్నాను.

అలాంటివి అప్పట్లో మన దేశంలో కొత్తవి దొరికేవి కావు. మద్రాసు బజారులో అమ్మేవాటికి పైన పటారం, లోన లొటారం. అందుకని ఎవరో వాడినదే వెతకాలి. మా ఆఫీసులో అకౌంట్లు రాసే సుందరరావుది రాజోలు వైపు. "మా వైపు మస్కట్ నుంచి వచ్చినాయన ఒకరున్నారండి. స్టీలుది, స్విట్జర్లాండుది. సముద్రంలో మునిగేవాళ్ళు పెట్టుకునే రకం. గుట్టుగా అమ్ముతానంటున్నారు" అన్నాడు. ఆ అమ్మే మనిషిని ఇక్కడ సాల్మన్‌రాజు అంటాను. అది ఆయన పేరు కాదు. ఆయన ఊరి పేరు అసలే రాయను.

కొత్తపేట

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి రావులపాలెం వంతెన దాటేలోగా నా ఊరు, ఉద్యోగం, కులం, పిల్లల చదువు అన్నీ రాబట్టాడు. ప్రతి ప్రశ్నకు చివర ఒక 'అండీ' తగిలిస్తాడు కాబట్టి కోప్పడటానికి వీలుండదు. మా ఒంగోలులో ఎవడైనా ఇన్ని ప్రశ్నలు వేస్తే నీకెందుకోయ్ అంటాం. ఇక్కడ అలా అంటే మనమే మోటువాళ్ళం అవుతాం.

కొత్తపేటలో దిగి కొబ్బరిబొండం కొట్టించుకున్నాను. ఒంగోలులో ఎంతో ఇక్కడా అంతే. ఒంగోలువాణ్ణని చెప్పి, చుట్టూ ఇన్ని కాస్తుంటే చవగ్గా ఇవ్వవచ్చు కదా అని అడిగాను. బొండాలవాడు కత్తి ఆపి, "ఒంగోల్లో పొగాకు మీకు ఊరికే ఇచ్చేస్తారాండీ?" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. పక్క కొట్టులో పూతరేకు ఒకటి కొని తిన్నాను. నెయ్యి, పంచదార రాసిన కాగితంలా ఉంది. అది నోట్లో కరిగిపోయేటప్పుడు కళ్ళు మూసుకోవాలట. నేను మూసుకోలేదు.

సాల్మన్‌రాజు ఊరికి పలివెల దాటాక కాలిబాట. మధ్యలో ఒక పంట బోదె, అంటే పిల్లకాలువ, దాని మీద వంతెన పేరుతో ఒక తాటి దుంగ. నా ముందు ఒక ముసలమ్మ నెత్తిన గడ్డిమోపుతో దాని మీద నడిచి వెళ్ళిపోయింది. నేను సగంలో జారి మోకాలి లోతు నీళ్ళలో కూలబడ్డాను. చేతికున్న పాత వాచీలోకి నీళ్ళు పోయి అక్కడికక్కడే ఆగిపోయింది. ఆ ముసలమ్మ వెనక్కి తిరిగి, "చెప్పులు విప్పుకోవాలండి" అంది. అదేదో ముందే చెప్పవచ్చు కదా.

సాల్మన్‌రాజుకి నలభై దాటి ఉంటాయి. నలగని తెల్ల టెర్లిన్ చొక్కా, అత్తరు వాసన. హాల్లో టేప్‌రికార్డరు మీద అల్లిక గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పువ్వులు. ఆయన మస్కట్‌లో ఒక ఆయిల్ కంపెనీలో సూపర్‌వైజరట, ఇప్పుడు సెలవు మీద వచ్చాడట. గోడ వారగా మూడు అరటి గెలలు, పక్కన పళ్ళెంలో లడ్డూలు. పళ్ళ వ్యాపారం కూడా ఉందా అనుకున్నాను.

ఆయన భార్య సుగుణమ్మ గారు మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళగానే, గొంతు తగ్గించి, "వాచీ చూపించండి" అన్నాను.

"ఊళ్ళో లేదండి. పెళ్ళిచూపులకి వెళ్ళింది" అన్నాడు.

వాచీ పెళ్ళిచూపులకు వెళ్ళడం ఏమిటని అడిగాను. ఆయన దాచుకోకుండా చెప్పాడు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళీడు కుర్రాడున్నా చూపులకీ, పెళ్ళికీ ఆ వాచీ పట్టికెళ్తారు. తెల్లారి వచ్చేటప్పుడు వట్టి చేతులతో రాకూడదు కాబట్టి ఒక గెలో, పెళ్ళి లడ్డూలో తెచ్చి ఇస్తారు. ఒక్కోసారి వాచీ ఆయన దగ్గరికి రాకుండానే ఒక పెళ్ళి నుంచి ఇంకో పెళ్ళికి వెళ్ళిపోతుంది. అప్పుడు గెల మాత్రం వస్తుంది.

సొమ్మొకడిది, సోకొకడిది అని మన పెద్దలు ఊరికే అనలేదు. మా వైపు పెళ్ళికొడుక్కి వాచీ లేకపోతే లేదంతే. కావాలంటే మామగారి మీద అలిగి కూర్చుంటాడు, అంతేగాని ఊరందరూ తొడిగి విప్పినది తొడగడు. ఇదే మాట సాల్మన్‌రాజుతో అన్నాను. "ఆయ్, నిజమేనండి" అని భోజనానికి లేపాడు. మామిడికాయ వేసి వండిన చేపల పులుసు. దాన్ని తిట్టడానికి ఎంత ప్రయత్నించినా నాకు మాట దొరకలేదు. వండింది ఆయనే. సూపర్‌వైజరుకు వంటింట్లో ఏం పనో అడగకుండా మూడోసారి వడ్డించుకున్నాను.

ముక్తేశ్వరం

మర్నాడు ఇద్దరం కలిసి ముక్తేశ్వరం బయల్దేరాం. వాచీ ఆ ఊళ్ళో రత్నం అనే బడిపంతులు చేతికి ఉందని కబురు. దారి పొడవునా సాల్మన్‌రాజుని పలకరించనివాడు లేడు. "మస్కట్ గారూ, మళ్ళీ ఎప్పుడండీ ప్రయాణం?" అని కిళ్ళీ కొట్టువాడూ అడిగాడు, బస్సు కండక్టరూ అడిగాడు. ఆయన నవ్వి, నా చేతిలో సంచి లాక్కుని తనే మోశాడు. నాకు మటుకు ఎవరూ సీటివ్వలేదు.

రత్నం ఇంట్లో లేడు. వాచీ కూడా లేదు. అతని తండ్రి మాకు కుర్చీలు వేసి, భుజం మీద తువ్వాలు తీసి వాటిని దులిపి, శుభవార్త చెప్పాడు. సంబంధం కుదిరింది. "వాచీ మాత్రం నిన్ననే మా బావగారబ్బాయి రాజోలు పట్టికెళ్ళేడండి. రేపు ఆడి పెళ్ళి."

నా మండిపాటు ఆపుకోలేక అడిగాను. "అది మీవాడి వాచీ కాదని పిల్ల తరఫువాళ్ళకు తెలుసా?"

"తెలీకేమండీ! ఆళ్ళబ్బాయి పెళ్ళికీ ఇదే పట్టికెళ్ళేరు."

"మరి ఎవరిని మోసం చెయ్యడానికండీ ఇదంతా?"

ఆయన నా వంక జాలిగా చూశాడు. "మోసవేంటండీ? పెళ్ళికొడుకుని బోసి చేత్తో పంపిస్తే బాగోదు కదండీ" అన్నాడు.

ఆ తరవాత తన పెద్దరికం కొద్దీ వాడే విధానం కూడా వివరించాడు. స్టీలు గొలుసు లావు, కుర్రాళ్ళ చేతులు సన్నం. అందుకని లోపల చేతిరుమాలు చుట్టాలి. అయినా జారుతుంది కాబట్టి ఎడమచెయ్యి మడిచి గుండెకు ఆనించి ఉంచాలి. నీళ్ళు తగలనివ్వకూడదు. చెయ్యి కడుక్కునేటప్పుడు తోడపెళ్ళికొడుక్కి ఇవ్వాలి. సముద్రం అడుగుకు వెళ్ళేవాళ్ళ కోసం చేసిన వాచీ అది! తయారుచేసినవాళ్ళు వింటే ఏమైపోతారో అనుకున్నాను. మేం వచ్చేస్తుంటే ఆయన సాల్మన్‌రాజు భుజాన ఒక అరటి గెల పెట్టాడు. దాంతో నా సంచి నాకు తిరిగొచ్చింది.

అమలాపురం

అమలాపురంలో నాకు తెలిసింది ఉక్కపోత. మా ఒంగోలు ఎండ మనిషిని కాలుస్తుంది, ఇక్కడి ఎండ ఉడకబెడుతుంది. హోటల్లో కాఫీ తాగాను, బాగానే ఉంది. బాగుందని సర్వరుతో అంటే ఇంకో కప్పు తెచ్చి దానికీ డబ్బులు పుచ్చుకున్నాడు. మర్యాదకు ఖర్చవుతుందని అప్పుడు తెలిసింది.

రాజోలు బస్సు కోసం ఆగినప్పుడు ఒక ఫోటో స్టూడియో అద్దాల బీరువా ముందు నిలబడ్డాను. లోపల కొత్త దంపతుల ఫోటోలు వరసగా పెట్టారు. ముందు పెళ్ళికూతుళ్ళని చూశాను. తరవాత పెళ్ళికొడుకులని చూసి నవ్వాగలేదు. ఒకడు లావు, ఒకడు సన్నం, ఒకడికి మీసం, ఒకడికి లేదు. కానీ అందరికీ ఎడమచెయ్యి గుండెల మీదే ఉంది. ఆ చేతికి ఒకటే వాచీ, అద్దం చుట్టూ ఒకటే నీలం చక్రం.

సాల్మన్‌రాజు మాత్రం నవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క ఫోటో పేరుపేరునా చెప్పాడు. ఇతను ముమ్మిడివరం, పోస్టాఫీసులో పని. ఇతనికి ఇద్దరు కవలలు. ఈ అమ్మాయి నర్సు పరీక్ష పాసయింది. స్టూడియో ఆయన బయటికొచ్చి, "మీ వాచీ లేకపోతే మాకు సీజనే లేదండి మస్కట్ గారూ" అని సోడా తెప్పించాడు. అప్పుడైనా గర్వంగా నవ్వుతాడేమో అనుకున్నాను. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఈ మనిషికి అమ్మే ఉద్దేశం ఉందా, లేక గెలలు పోగేసుకోవడానికి నన్ను వెంటేసుకు తిరుగుతున్నాడా అని నాకు అనుమానం పట్టుకుంది.

రాజోలు

పెళ్ళి ఉదయం చర్చిలో. పాస్టరు గారి ప్రసంగం మా కంపెనీ జనరల్ మేనేజరు ఉపన్యాసం కంటే పెద్దది. భార్య భర్తకు ఎలా లోబడాలో ఆయన చెబుతుంటే ముందు వరసలోని ఆడవాళ్ళంతా శ్రద్ధగా విసనకర్రలు విసురుకున్నారు. పెళ్ళికొడుకు చెయ్యి గుండెలకు ఆనించుకునే ఉన్నాడు. ఉంగరం తొడిగేటప్పుడు రెండు చేతులూ కావలసి వచ్చింది. చెయ్యి కిందికి దించగానే వాచీ సర్రున వేళ్ళ దాకా జారింది. పెళ్ళికూతురు తల ఎత్తకుండానే రెండో చేత్తో దాన్ని పట్టుకుని, పైకి తోసి, చేతిరుమాలు సర్దింది. జనంలో ఎవ్వరూ నవ్వలేదు. అక్కడ నవ్వవలసిన సంగతి ఏమీ జరగలేదు కాబోలు.

భోజనాల్లో మాంసం పలావు పెట్టారు. అది కూడా తిట్టలేను. ఫోటోలు అయిపోయాక పెళ్ళికొడుకు వాచీ విప్పి సాల్మన్‌రాజు చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టాడు. మేమిద్దరం వంటపందిరి వెనక్కి వెళ్ళాం.

ఎట్టకేలకు వాచీ నా చేతికి వచ్చింది. ఆకుని చూసినట్టే చూశాను. అద్దం కింద మచ్చ లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు సన్నగా, సమంగా ఉంది. చక్రం తిప్పితే టకటకమని గట్టిగా తిరిగింది. గొలుసు కొక్కెం పక్కన మాత్రం ఒక లోతైన గీత ఉంది. అలవాటు ప్రకారం ఆ గీతను చూపించి పెదవి విరిచాను, ధర కొంత దించాను. ఆయన వాదించలేదు. అంత బరువైన, అంత అందమైన వస్తువును నేను ఎన్నడూ పట్టుకోలేదు. కాళ్ళు పీకేలా ఇంత దూరం తిప్పినందుకు ఆ మనిషిని మనసులోనే క్షమించాను.

డబ్బు లోపల పెట్టుకుని ఆయన అప్పుడు అసలు మాట చెప్పాడు.

"బాబుగారూ, ఒక్క మనవండి. గోదావరి దాటి నర్సాపురంలో దిగేదాకా ఇది చేతికి పెట్టుకోకండి."

ఎందుకన్నాను.

"నాకింక మస్కట్ లేదండి. నేను సూపర్‌వైజర్ని కాదు, కంపెనీ మెస్సులో వంటోణ్ణి. ఓ దొరగారు ఎళ్ళిపోతా నా వంటకి మెచ్చి ఇచ్చేరు ఇది. మోకాళ్ళు పట్టేసినాయని కంపెనీవాళ్ళు పంపించేసేరు. ఇంటిదానికీ తెలీదండి, సెలవనుకుంటంది. ఈ డబ్బుతో అమలాపురంలో చిన్న హోటలు పెడదావనండి. జీతం మిగిల్చి పెట్టేడంటే జనం వస్తారు. ఉద్యోగం పోయి వాచీ అమ్ముకున్నాడంటే ఒక్కడు టీ తాగడండి. జాలిపడతారు. అది నేను పడలేను."

"రేపు వాచీ ఎక్కడని అడిగితే?"

"ఏదో పెళ్ళికి ఎళ్ళిందంటానండి. ఎప్పుడూ అంతేగా, అదెక్కడుందో ఎవరికి తెలుసు?"

నాకు జాలి వెయ్యలేదు. చిరాకు వేసింది. ఊళ్ళన్నీ తిరిగి ఇంత మందికి పెళ్ళిళ్ళు చేయించిన మనిషి, తన భార్యకు ఒక నిజం చెప్పలేడట! అలాగేలెమ్మని వాచీ సంచిలో పెట్టుకున్నాను. ఆయన నన్ను బస్సెక్కించి, కిటికీలోంచి ఒక లడ్డూల పొట్లం ఇచ్చాడు. బస్సు కదిలేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సఖినేటిపల్లి రేవు

సఖినేటిపల్లి దగ్గర గోదావరి సముద్రంలో కలవబోతూ బద్ధకంగా ఉంటుంది. అవతల నర్సాపురం. దాటడానికి పంటి అని ఒక వెడల్పాటి పడవ. మనుషులు, సైకిళ్ళు, చేపల గంపలు, ఒక మేక, అందరికీ అందులోనే చోటు. నేను అంచున కూర్చున్నాను. గాలి చల్లగా తగిలింది. సగం దాటాక, ఇక్కడ నన్నెవడు చూస్తాడులే అనిపించింది. వాచీ తీసి పెట్టుకున్నాను. నా చేతికి రుమాలు అక్కర్లేదు, దానికోసమే పుట్టిన చెయ్యిలా ఉంది. మా పోటీ కంపెనీవాడి ముఖం తలచుకుని, చెయ్యి చాపి, తిప్పి, ఎండలో మెరిపించాను.

"ఇది మా సాల్మన్‌రాజు గారి వాచీ కదండీ?"

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ. తెల్లచీర, లావు కళ్ళజోడు, ఒళ్ళో బైబిలు పెట్టిన గుడ్డసంచి. ఆవిడ ముందుకు వంగి గొలుసు పట్టుకుని చూసింది. "అదేనండి. ఈ గీత మా పెద్దాడి పెళ్ళిలో పడింది. గుమ్మానికి కొట్టుకుంది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. మాది ఆళ్ళ పక్క ఊరేనండి. మీకెలాగొచ్చిందండీ?"

చుట్టూ నాలుగైదు తలలు తిరిగాయి. కొన్నాను, నా సొంతం అని చెప్పాలని నాలుక మీదికి వచ్చింది. దాని కోసమే కదా ఇంత దూరం వచ్చింది. కానీ ఆ మాట అంటే, ఈవిడ ఇంటికి తిరిగి వెళ్ళిన రోజే అది పలివెల దాటి సుగుణమ్మ గారి వంటింట్లోకి నడిచి వెళ్తుంది. హోటలు తెరవకముందే మూతపడుతుంది.

"పెళ్ళిచూపులకి తీసుకెళ్తున్నానండి" అన్నాను.

"పెళ్ళికొడుకు ఎవరండీ?" అంటూ ఆవిడ నా పక్కన వెతికింది. పక్కన మేక ఉంది.

"నేనేనండి."

ఆవిడ నా జుట్టు చూసింది, పొట్ట చూసింది. సైకిలువాడొకడు నవ్వాపుకోలేక నీళ్ళవైపు తిరిగాడు. ఆవిడ వాడిని కళ్ళతోనే గద్దించి, గొంతు తగ్గించి, "మొదటావిడ?" అంది.

ఆ వేళకు మా ఆవిడ ఒంగోలులో మేడ మీద మాగాయ ముక్కలు ఎండబెడుతూ కాకుల్ని తోలుతూ ఉంటుంది. "పోయిందండి" అన్నాను.

"అయ్యో! పిల్లలండీ?"

"ఇద్దరండి."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అంతటితో వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. "సాల్మన్‌రాజు గారు మళ్ళీ ఎప్పుడెళ్తన్నారో మీకేమైనా చెప్పేరాండీ? అడిగితే నవ్వి ఊరుకుంటన్నారు. ఏదైనా తేడా వచ్చిందేమోనని మా ఊళ్ళో అనుకుంటన్నారండి."

బస్సు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి కళ్ళ ముందుకొచ్చాడు. నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీదో తెలియలేదు.

"తేడా ఏమిటండీ! కంపెనీవాళ్ళు రమ్మని ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నారు. నా కళ్ళతో చూశాను. ఆయనే వెళ్ళనంటున్నాడు. ఇంటావిడని వదిలి ఉండలేడట. అమలాపురంలో హోటలు పెట్టుకుని ఇక్కడే ఉండిపోతాడట. జీతం పెంచుతామన్నా వినడం లేదండి" అన్నాను. చెబుతున్నకొద్దీ నాకే నిజంలా అనిపించింది.

"ఎంత మంచి మనిషండీ!" అని ఆవిడ గట్టిగా అందరికీ వినబడేలా అంది. గంపల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఆ మాటను అవతలి అంచు దాకా అందించారు. తరవాత ఆవిడ లేచి వచ్చి, అడగకుండానే నా నెత్తి మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. పంటి నడిపే సరంగు ఇంజను చప్పుడు తగ్గించాడు.

"తండ్రీ, ఈ బిడ్డ ఇల్లు చీకటైపోయింది. తల్లి లేని ఆ పిల్లల్ని చూసుకునే మంచి ఇల్లాలిని ఇయ్యి తండ్రీ. అలాగే మస్కట్టోళ్ళ బతిమాలుళ్ళకి లొంగిపోకుండా సాల్మన్‌రాజు గారికి గుండె నిబ్బరం ఇయ్యి. ఆయన పెట్టే హోటల్ని దీవించు తండ్రీ. ఆమెన్."

పంటిలో ఉన్నవాళ్ళలో సగం మంది ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే.